నువ్వేమంటావు కెప్టెన్ గారు

ఆ కెప్టెన్ గారికి దురలవాటంటూ ఉన్నది ఒక్కటే. ఏ విషయాన్నీ తానుగా తేల్చి చెప్పరు. పక్క సీటులోని కో-పైలట్ వైపు తిరిగి, కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి, "నువ్వేమంటావు?" అని అడుగుతారు. ఎదురుగా ఉన్న మేఘానికి పక్కనుంచి పోవాలా, పైనుంచి పోవాలా అన్నప్పుడూ అదే మాట. హోటల్లో లిఫ్టు ఎక్కాలా, మెట్లెక్కాలా అన్నప్పుడూ అదే మాట. భుజాల మీద నాలుగు బంగారు చారలు ఉన్నాయి గనుక ఆయనను కెప్టెన్ అని పోల్చుకోవాలి గాని, మాటతీరును బట్టి చూస్తే, దారి తప్పి కాక్‌పిట్‌లోకి వచ్చిన ప్రయాణికుడేమో అనిపించేది.

కంపెనీలో ఆయనను అసలు పేరుతో పిలిచే అలవాటు ఏనాడో పోయింది. పైలట్ల గదిలో ఉదయం పూట పలకరింపులు ఇలా సాగేవి:

"ఇవాళ నీకెవరు?"

"నువ్వేమంటావు గారు."

"ఓపిక పట్టు నాయనా."

న్యాయంగా చెప్పాలంటే, ఆయన విమానం నడిపే పద్ధతిలో వంక పెట్టినవారు లేరు. ఆయన దింపినప్పుడు చక్రాలు నేలకు తగిలాయో లేదో తెలియక, బెల్టు విప్పవచ్చునా అని ప్రయాణికులు ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు. గాలివాన ఆయన చేతులను వణికించిన దాఖలా లేదు. చిక్కంతా నోటితోనే వచ్చింది.

కంపెనీ కొత్త యూనిఫాం ఇచ్చిన ఏడాది, టోపీ కొలతలు తీసుకునే మనిషి ఆయన ముందు రెండు టోపీలు పెట్టాడు. కెప్టెన్ గారు పక్కనున్న కుర్ర కో-పైలట్‌ను అడిగారు. ఫోనులో తలదూర్చి ఉన్న ఆ కుర్రవాడు కన్నెత్తకుండానే, పెద్దదే తీసుకోండి సార్ అన్నాడు. ఆయన పెద్దదే తీసుకున్నారు. మళ్ళీ యూనిఫాం మారే వరకూ ఆ టోపీ ఆయన చెవుల మీద ఆనుకునే ఉంది. ఎవరైనా జాలిపడి మార్చుకోమంటే, "మా కో-పైలట్ చెప్పాడు" అనేవారు, కించిత్తు వ్యంగ్యమైనా లేకుండా. ఆ టోపీ ఎదురుపడినప్పుడల్లా కుర్రవాడు ఇంకో వరండాలోంచి వెళ్ళిపోయేవాడు. తరువాత తరువాత ఎవరేమడిగినా ఫోను పక్కన పెట్టి, తల ఎత్తి, ఆలోచించి జవాబు చెప్పడం మొదలుపెట్టాడని అంటారు.

సముద్రాలు దాటే పెద్ద విమానాలు కంపెనీకి వచ్చినప్పుడు సీనియారిటీ ప్రకారం మొదటి పిలుపు ఆయనకే వచ్చింది. పెద్ద విమానమంటే పెద్ద జీతం, పెద్ద హోదా. పై అధికారులు ముగ్గురు వరసగా కూర్చుని, మీకు ఇష్టమేనా అని అడిగారు. ఆయన కళ్ళజోడు జార్చి, "మీరేమంటారు?" అన్నారు. వాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. ఆ పెద్ద విమానం ఆయన వెనకవాడికి వెళ్ళిపోయింది. ఆయన మాత్రం ఏమీ పోగొట్టుకోని మనిషిలా, పాత చిన్న విమానంలో, కొత్తగా ఉద్యోగంలో చేరిన కో-పైలట్‌ను పక్కన కూర్చోబెట్టుకుని, మధ్యాహ్నం సర్వీసుకు బయలుదేరారు.

ఇటువంటి మనిషి చేతిలో ఒక అమ్మాయి భవిష్యత్తు పడింది.

ఆమె కో-పైలట్. తెలివైనది, చెయ్యి నిదానమైనది. కాక్‌పిట్‌లో కుడి సీటు కో-పైలట్‌ది, ఎడమ సీటు కెప్టెన్‌ది. రెంటికీ మధ్య దూరం చెయ్యి చాపినంత. ఆ చెయ్యి చాపినంత దూరం దాటడానికి వెనకటి తరంవారికి జుట్టు నెరిసేది, ఎందుకంటే కొత్త విమానం వస్తే తప్ప కొత్త కెప్టెన్ అవసరం ఉండదు, కంపెనీ ఆచితూచి గాని విమానం కొనేది కాదు. అటువంటి కంపెనీ ఉన్నట్టుండి, సంచి పట్టుకుని కూరగాయల బజారుకు వెళ్ళినట్టు, విమానాలకు ఆర్డరు పెట్టేసింది. కొత్త విమానాలు ఒకదాని వెంట ఒకటి రాసాగాయి. వాటికి రంగు ఆరకముందే ఎడమ సీటుకు మనిషి కావాలి. పైలట్ల క్యాంటీన్‌లో వాతావరణం గురించి మాట్లాడేవారే కరువయ్యారు. ఎవరి వంతు ఎప్పుడన్నదే అందరి మాటా.

నియమం చిన్నది. ఎక్కువ కాలం ఎవరితో ఎగిరారో ఆ కెప్టెన్, "ఈ మనిషి ఎడమ సీటుకు పనికివస్తుంది" అని సిఫారసు చెయ్యాలి. ఆపైన సిమ్యులేటర్‌లో, అంటే నేల మీదే ఉండే నకలు కాక్‌పిట్‌లో, పరీక్ష. సిఫారసు లేకపోతే పరీక్షే లేదు. ఆమె ఎక్కువ కాలం ఎగిరింది నువ్వేమంటావు గారితోనే. అంటే ఆమె ఎడమ సీటు, జన్మలో ఏ విషయాన్నీ తేల్చి ఎరగని మనిషి తేల్చి చెప్పవలసిన ఒక్క మాట మీద వేలాడుతూ ఉంది.

మొదటి విడత సిఫారసుల సమయంలో ఆమె ధైర్యం చేసి, క్యాంటీన్ బల్ల దగ్గర ఆయన్ని అడిగింది. అప్పుడే టీ తెచ్చుకున్నారు. అదీ మామూలు పద్ధతిలోనే జరిగింది: టీనా కాఫీనా అని కౌంటర్‌లోని మనిషి అడగడం, ఆయన ఆమె వైపు తిరగడం, టీ ప్రాణమైన ఆమె ఎప్పటిలాగే "టీ సార్" అనడం, ఆయన రెండు టీలు మోసుకురావడం.

"సార్, నా సిఫారసు సంగతి."

"నువ్వేమంటావు? పనికొస్తావా?"

ఆమె మర్యాద తెలిసిన పిల్ల. "మీరెలా అంటే అలా సార్" అంది.

ఆయన టీ అంతా నిదానంగా తాగి, కప్పు దించి, "అయితే ఇంకొన్నాళ్ళు ఎగురుదాంలే అమ్మాయ్" అన్నారు.

ఆ విడతలో ఆమె కంటే వెనక చేరినవారు ఇద్దరు ఎడమ సీటుకు వెళ్ళిపోయారు. వాళ్ళ కెప్టెన్లు నోరున్నవాళ్ళు. ఒకడైతే కొత్త చారలు భుజాన వేసుకుని వచ్చి, "నీదేముంది, ఆయన ఒక్కసారి ఊ అంటే చాలు కదా" అని ఓదార్చాడు. ఆ ఓదార్పు ఆమెకు తిట్టు కంటే గట్టిగా తగిలింది. నేరుగా శిక్షణాధికారి గదికి వెళ్ళింది. ఆయన తక్కువ మాటల మనిషి. తన డ్యూటీలు వేరే కెప్టెన్‌తో వేయమని ఆమె కోరింది, కారణాలు వరసగా చెప్పింది. ఆయన అన్నీ విన్నారు. విని, "ఆయనతోనే ఎగరండి" అన్నారు. ఎందుకో చెప్పలేదు. అధికారికి తన మీద ఏదో కోపం ఉందని ఆమె నిర్ధారించుకుంది. చేతిలో ఉన్న సాక్ష్యాన్ని బట్టి చూస్తే ఆ నిర్ధారణలో తప్పు పట్టలేము.

ఇక ఆఖరి ప్రయత్నంగా, సెలవు రోజున కెప్టెన్ గారి ఇంటికే వెళ్ళింది. తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపలినుంచి గట్టి గొంతు ఒకటి వినిపిస్తోంది.

"అది కాదు, నీలం రంగుది. నిన్ననే చెప్పాను. ఆ బల్ల కిటికీకి దగ్గరగా జరుపు. ఇంకొంచెం. చాలు."

ఆ గొంతు తనకు తెలిసినదేనని నమ్మడానికి ఆమెకు కొంత సమయం పట్టింది. తలుపు తట్టి తోస్తే, లోపల కెప్టెన్ గారు స్టూలు మీద నిలబడి కర్టెన్ తగిలిస్తున్నారు. భార్య కింద స్టూలు పట్టుకుని ఉంది.

"రా తల్లీ, కూర్చో. అక్కడ కాదు, ఆ కుర్చీ ఆయనది. దాన్ని ఎవరూ కదపకూడదు" అంటూ ఆవిడ స్టూలు వదలకుండానే మర్యాదలు చేసింది. "మా ఇంట్లో కిటికీ ఏ వేళకి తెరవాలో, దుప్పటి ఎటు మడవాలో, అన్నీ ఈయన చట్టాలే. కాపురానికి వచ్చినప్పటినుంచి ఒక్క విషయంలో నా సలహా అడిగితే ఒట్టు."

"ఒక్క విషయంలోనూ అడగరా ఆంటీ?"

"అడగటమా? ఈయనా?"

ఆవిడ నవ్వాపుకోలేక స్టూలు వదిలేసింది. పైనుంచి, పట్టుకో అని ఆజ్ఞ వచ్చింది. అదీ ఎవరినీ సంప్రదించకుండా వచ్చిన ఆజ్ఞే.

తరువాత ఆవిడ మూడు కప్పులు తెచ్చింది. ఆయన ముందు పెట్టిన కప్పులో కాఫీ, చక్కెర లేకుండా. అమ్మాయి టీ అడిగింది గనుక, ఆవిడ ఆ కప్పును బల్లకు ఆ చివర పెట్టింది. "ఏమనుకోకు తల్లీ. ఈయనకి టీ వాసన తగిలితే చాలు, తలనొప్పి. పెళ్ళైన కొత్తలో తెలియక ఒకసారి ఇచ్చాను. ఇప్పటికీ ఆ సంగతి ఎత్తుతారు."

అమ్మాయి కప్పు గాలిలోనే ఆగిపోయింది. ఎన్ని ఉదయాలు, ఎన్ని విమానాశ్రయాలు, ఎన్ని టీలు. తాను "టీ సార్" అన్న ప్రతిసారీ ఈ మనిషి చుక్క మిగల్చకుండా తాగాడు. ఆమె ఆయన వైపు చూసింది. ఆయన కర్టెన్ మడతలను దీక్షగా పరీక్షిస్తూ, "అప్పుడప్పుడూ పరవాలేదులే" అని గొణిగారు.

సిఫారసు మాట ఎత్తకుండానే ఆమె ఇంటికి వచ్చేసింది. ఇంట్లో అంతా విన్న తల్లి తనకు తోచిన సిద్ధాంతం చెప్పింది: "నిర్ణయాలన్నీ ఇంట్లోనే ఖర్చు పెట్టేస్తున్నాడేమో. ఆఫీసుకి తీసుకెళ్ళడానికి ఏమీ మిగలట్లేదు పాపం."

రెండో విడత సిఫారసుల వేళ వచ్చింది. ఈసారి శిక్షణాధికారి తానే వచ్చి, కాక్‌పిట్‌లో పైలట్ల వెనక ఉండే మడత సీటులో కూర్చుని చూస్తానన్నారు. తేలితే ఆ ఉదయమే తేలాలి. ఆమె బయట విమానం చుట్టూ తిరిగి చక్రాలూ రెక్కలూ చూసుకుని వచ్చేసరికి, అనుకున్నదానికంటే ఎక్కువ ఇంధనం నింపి ఉంది. ఇదేమిటి సార్ అంది. "ఉండనీ" అన్నారాయన. డ్యూటీలో ఆయన నోట ప్రశ్న కాని మాట రావడం వింతే అయినా, పరీక్ష హడావుడిలో ఉన్న ఆమె దాన్ని పట్టించుకోలేదు.

దిగవలసిన చోటికి చేరేసరికి కింద నేల లేదు. పొగమంచు దూది పరిచినట్టు కమ్ముకుని ఉంది. కంట్రోల్ టవర్ వాళ్ళు కాసేపు పైనే తిరగమన్నారు. తిరిగారు. ముందున్న విమానం ఒకటి దిగబోయి, రన్‌వే కనిపించక మళ్ళీ పైకి లేచింది. ఇంకొకటి ఎలాగో దిగింది. మంచు విడిపోవచ్చని టవర్ వాళ్ళు అన్నారు. విడిపోకపోవచ్చని కూడా అన్నారు.

కళ్ళజోడు జారింది.

"నువ్వేమంటావు?"

ఆమె గొంతులో "మీ ఇష్టం సార్" తయారుగానే ఉంది. ఆ మాటలో ఎంత సుఖముందో ఆమెకు తెలుసు. వెనక సీటులో అధికారి ఉన్నారు. విమానాన్ని వేరే ఊరికి మళ్ళిస్తే కంపెనీ మొహం చిట్లిస్తుంది. కొత్త విమానాలతో కిక్కిరిసిన టైమ్‌టేబుల్లో ఒక్కటి తప్పినా మిగిలినవన్నీ ఆలస్యమవుతాయి. మళ్ళించమన్న కో-పైలట్‌ను పిరికిది అనుకోవచ్చు. ఆగుదాం అంటే ధీమాగా కనిపిస్తుంది.

అప్పుడు ఆమెకు టీ గుర్తొచ్చింది.

తాను ఆలోచించకుండా అన్న మాటను ఈ మనిషి ప్రతి ఉదయమూ కప్పు కప్పున తాగాడు. ఇప్పుడు తాను ఏమన్నా అదే తాగుతాడు. ఆయనతోపాటు, వెనక బెల్టులు పెట్టుకుని కూర్చున్న వాళ్ళందరూ తాగాలి.

ఆమె ఇంధనం ఎంతుందో చూసింది. పక్క ఊరి వాతావరణం అడిగి తెలుసుకుంది. ఇంకెంతసేపు తిరిగితే ఆ దారి మూసుకుపోతుందో లెక్క కట్టుకుంది.

"పక్క ఊరికి వెళ్ళిపోదాం సార్. అక్కడ ఎండగా ఉంది. ఇక్కడ విడిపోతుందేమోనన్న ఆశ తప్ప మన చేతిలో ఏమీ లేదు."

"సరే" అన్నారాయన. విమానం తిరిగింది.

పక్క ఊళ్ళో దిగి, ఇంజన్లు ఆపి, మెట్లు వేయించేలోపే కబురు వచ్చింది: అసలు దిగవలసిన చోట మంచు విడిపోయింది, వెనక వచ్చిన విమానాలన్నీ హాయిగా దిగుతున్నాయి. విధికి కూడా కొంత హాస్యం ఉంటుంది. ప్రయాణికులు చేతిలో సామానుతో దిగుతూ, మెట్ల దగ్గర నిలబడిన ఆమెకు తమ తమ అభిప్రాయాలు చెప్పిపోయారు. ఒక పెద్దమనిషి అయితే, ఇంతకంటే బస్సు నయం అన్నాడు. ఆమె అందరికీ నమస్కారం పెట్టింది.

విమానాశ్రయంలోని చిన్న గదిలో ప్లాస్టిక్ కుర్చీల్లో ముగ్గురూ కూర్చున్నారు. శిక్షణాధికారి ఫోను మీద ఫోను మాట్లాడి, చివరికి దాన్ని బల్ల మీద బోర్లా పెట్టారు.

"కంపెనీవాళ్ళు అడుగుతున్నారు. మళ్ళించాలన్న నిర్ణయం ఎవరిది?"

ఆమె నోరు తెరిచింది. అంతకు ముందే, ఆమె ఎదురుచూడని గొంతు పలికింది.

"నాది."

"కాదు సార్. అన్నది నేను" అంది ఆమె.

"మాట నీదమ్మాయ్. విమానం నాది. మాట బాగుంది గనక ఒప్పుకున్నాను. బాగోకపోతే ఒప్పుకునేవాణ్ణి కాదు." కెప్టెన్ గారు అధికారి వైపు తిరిగారు. "ఎవరు అడిగినా నా పేరు చెప్పండి."

అధికారి తల ఊపారు. ఆశ్చర్యపడినట్టు కనిపించలేదు. "ఆ ఎక్కువ ఇంధనం? అది ఎవర్ని అడిగి నింపించారు?"

"ఎవర్నీ అడగలేదు. పొద్దున వాతావరణం చూడగానే చెప్పేశాను. ఆలోచించుకోడానికి ఆ అమ్మాయికి టైమ్ కావాలి కదా."

ఆమె ఆ మనిషి వైపు కొత్తగా చూసింది. అడిగిన ప్రతిసారీ జవాబు ఆయన దగ్గర ముందే ఉందన్నమాట. తన జవాబు కోసం దాన్ని పక్కన పెట్టుకుని కూర్చునేవారు.

"ఇక అసలు సంగతి. ఈమె ఎడమ సీటుకి పనికొస్తుందంటారా?" అన్నారు అధికారి.

ఆయన కళ్ళజోడు మళ్ళీ ముక్కు చివరికి వచ్చింది.

"నువ్వేమంటావమ్మా?"

"పనికొస్తాను సార్. పొగమంచంటే నాకింకా భయమే. అయినా పనికొస్తాను."

"నేను అడిగింది మిమ్మల్ని కెప్టెన్ గారూ" అన్నారు అధికారి.

"జవాబు వచ్చిందిగా. దాని మీద ఇంక నేను చెప్పేదేముంది?" అని ఆయన లేచారు. గదిలో మూల కౌంటర్ దగ్గరికి వెళ్ళి, ఒక్క క్షణం ఆగి, వెనక్కి తిరిగి ఆమె కేసి చూశారు.

"కాఫీ సార్. మీకు కాఫీ" అంది ఆమె గబగబా.

ఆయన అటు వెళ్ళాక శిక్షణాధికారి గొంతు తగ్గించారు. "మీరు టీ తాగించారట. నేనేమీ నయం కాదు. ఆయన పక్కన కూర్చున్నన్నాళ్ళూ పాలు తాగించాను. పాలంటే ఆయనకి అసహ్యమని నేను కెప్టెన్ అయ్యాక ఆంటీ చెప్పారు."

ఆమె నవ్వింది. అధికారి కూడా నవ్వారు గాని, అలవాటు లేని పని గనుక వెంటనే మానేశారు.

"మా రోజుల్లో కుడి సీట్లో బోలెడన్నేళ్ళు కూర్చునేవాళ్ళం. వద్దన్నా ఎడమ సీటు పని ఒంటబట్టేది. ఇప్పుడు విమానాలు తొందరగా వస్తున్నాయి. మనుషులు అంత తొందరగా తయారవరు. ఆయన వదులుకున్న ఆ పెద్ద విమానాల్లో కో-పైలట్లకి ఇదంతా ముందే వచ్చేసి ఉంటుంది. అక్కడ ఈయన ఎవర్ని అడుగుతారు చెప్పండి?"

ఆయనతోనే ఎగరండి అన్న మాటకు కారణం ఆమెకు ఇప్పుడు తెలిసింది.

ఆ జవాబే సిఫారసుగా నమోదైంది, సిమ్యులేటర్ పరీక్ష ఆమె నెగ్గింది. కొత్త విమానాలలో ఒకదాని ఎడమ సీటు ఆమెది అయింది. కొంతకాలానికి నువ్వేమంటావు గారు పదవీ విరమణ చేశారు. పైలట్ల గది కొన్నాళ్ళు ప్రశ్న లేని గదిలా బోసిపోయింది.

తరువాత ఒక సాయంత్రం, ఆమె నడుపుతున్న సర్వీసులో, విమానం పైకి వెళ్ళి స్థిరపడ్డాక, సీనియర్ ఎయిర్‌హోస్టెస్ కాక్‌పిట్‌లోకి వచ్చింది. కంపెనీలో పాత మనిషి, దేనికీ కంగారు పడని మనిషి. మొహం మాత్రం అదోలా ఉంది.

"మేడమ్, ముందు వరసలో మన నువ్వేమంటావు గారు కూర్చున్నారు. భార్యతో ఎక్కడికో వెళ్తున్నారట."

"ఎక్కేటప్పుడు చూశాను. ఏమైంది?"

"టీ తీసుకుంటారా, కాఫీ తీసుకుంటారా అని అడిగాను. ఎలాగూ నన్నే అడుగుతారని జవాబు కూడా తయారు చేసుకుని వెళ్ళాను."

"ఏమన్నారు?"

"కాఫీ అన్నారు. నేనింకా అడగటం పూర్తి చెయ్యకముందే. చక్కెర వద్దన్నారు. వేడిగా ఉండాలన్నారు. నావైపు చూడనైనా లేదు, కిటికీలోంచి మబ్బులు చూస్తున్నారు." ఆమె కొంచెం ముందుకు వంగింది. "ఒంట్లో బాగానే ఉందంటారా మేడమ్?"

కెప్టెన్ మేడమ్ ఎదురుగా చూస్తూ చాలాసేపు నవ్వుకుంది. పక్క సీటులోని కొత్త కో-పైలట్‌కు సంగతి తెలియదు గాని, మర్యాద కోసం అతడూ కొంత నవ్వాడు.

"బ్రహ్మాండంగా ఉంది" అంది ఆమె. "రెండో కప్పు మాత్రం అడక్కుండానే ఇచ్చెయ్యండి."